సామాజిక వ్యాపారం పెట్టాలా వద్దా: రాజీనామా ఇచ్చే ముందు తేల్చుకోవాల్సిన లెక్కలు

ఊరికి ఏదైనా చేయాలన్న కోరిక ఉన్నంత మాత్రాన సంస్థ పెట్టాల్సిన పని లేదు. ఆ కోరిక తీరడానికి ఉన్న దారుల్లో కొత్త సంస్థ పెట్టడమే అన్నిటికంటే ఖరీదైనది, ఫలితం ఆలస్యమయ్యేది కూడా. అందుకే ఇక్కడ చెప్పే పనులన్నీ ఉద్యోగం వదలకముందు, రిజిస్ట్రేషన్ కాగితం ముట్టుకోకముందు చేసేవి. శని, ఆదివారాలు, మిగిలిపోయిన సెలవులు వాడుకుంటే ఆరేడు నెలల్లో తేలిపోతుంది. ఆ తర్వాత 'వద్దు' అని తేలినా మీరు పోగొట్టుకునేది కొంత డబ్బు, కొన్ని వారాంతాలు మాత్రమే.

మొదటి పని: డబ్బు ఎవరిస్తారో తేల్చుకోండి

సేవా సంస్థకూ వ్యాపారానికీ మధ్యన ఉండేదే సామాజిక వ్యాపారం. ఒక సమస్యను తీర్చడం దాని ప్రధానమైన పని. ఆ పని ఏళ్ల తరబడి ఆగకుండా సాగేందుకు అమ్మకం మీద, సేవ మీద డబ్బు రావాలి. మేలు, డబ్బు ఈ రెండూ ఒకే మనిషి దగ్గర కలవాలని లేదు. మేలు పొందేవాళ్లు ఒకరు, డబ్బు కట్టేవాళ్లు ఇంకొకరు కావచ్చు.

మన దగ్గర చూసిన ఉదాహరణలే తీసుకోండి. హైదరాబాద్‌లో 1987లో మొదలైన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఫీజు కట్టగలిగినవాళ్ల నుంచి వచ్చే ఆదాయం, విరాళాలు కలిసి, కట్టలేనివాళ్లకు ఉచితంగా ఆపరేషన్లు చేయడానికి వీలు కల్పిస్తాయి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్సులో ఎక్కినవాళ్లు రూపాయి కట్టరు, ఆ ఖర్చు ప్రభుత్వం భరిస్తుంది. అరకు గిరిజన రైతుల కాఫీకి ధర ఇచ్చేది ఎక్కడో నగరాల్లో, విదేశాల్లో కప్పు కాఫీ తాగేవాళ్లు.

అంటే డబ్బు వచ్చే చోట్లు నాలుగే: లబ్ధిదారుడు, వేరే కొనుగోలుదారుడు, ప్రభుత్వం, దాత. ఏ దారి ఎంచుకున్నా దాని తలనొప్పి దానికి ఉంటుంది. లబ్ధిదారుడే కడితే ధర పెంచలేరు. వేరే కొనుగోలుదారుడైతే నాణ్యతలో రాజీ కుదరదు, రైతు మీద జాలితో ఎవరూ రెండోసారి కాఫీ పొడి కొనరు. ప్రభుత్వమైతే బిల్లు ఎప్పుడు పాస్ అవుతుందో తెలియదు కాబట్టి ఆరు నెలల జీతాలు చేతిలో పెట్టుకుని దిగాలి. దాతలైతే ఏడాదికోసారి మళ్లీ మొదటి నుంచి అడగాలి.

ఒక కాగితం మీద ఒకే వాక్యం రాయండి: 'ఫలానా మండలంలో ఫలానా వాళ్లకున్న ఫలానా ఇబ్బంది తీరుస్తాను, దానికి నెలనెలా డబ్బు కట్టేది ఫలానా వాళ్లు.' ఇందులో ఏ 'ఫలానా' దగ్గరైనా 'సమాజం', 'గ్రామీణులు', 'అందరూ' అన్న మాట వస్తే మీకు ఇంకా సమస్య దొరకలేదన్నమాట.

రెండో పని: ముప్పై మందిని అడగండి, 'కొంటారా?' అని మాత్రం అడగొద్దు

మన ఊళ్లలో ఇంటికొచ్చిన మనిషి ముఖం మీద 'వద్దు' అని ఎవరూ అనరు. 'ఇలాంటిది పెడితే వాడతారా అమ్మా?' అంటే 'ఎందుకు వాడం బాబూ, మంచి పనేగా' అంటారు, టీ కూడా ఇస్తారు. ఆ మాట మీద పెట్టుబడి పెట్టినవాళ్లు ఆరు నెలలకే బోర్లా పడతారు. అడగాల్సింది జరగబోయే దాని గురించి కాదు, జరిగిపోయిన దాని గురించి:

- పోయిన నెల ఈ ఇబ్బంది ఎన్నిసార్లు వచ్చింది? చివరిసారి వచ్చినప్పుడు ఏం చేశారు?
- దానికి ఎంత ఖర్చయింది? ఆ డబ్బు ఎక్కడి నుంచి తెచ్చారు?
- ఇంట్లో ఈ ఖర్చుకు సరే అనాల్సింది ఎవరు?
- ఇంతకుముందు ఎవరైనా ఇలాంటిది తెచ్చారా? ఎందుకు ఆగిపోయింది?

నాలుగో ప్రశ్నకు వచ్చే జవాబు బంగారం. ఏ ఊళ్లోనైనా మూతపడ్డ టైలరింగ్ సెంటరో, తుప్పు పట్టిన బయోగ్యాస్ డ్రమ్మో, తాళం వేసిన కంప్యూటర్ గదో ఒకటుంటుంది. అది ఎందుకు మూతపడిందో ముగ్గురు వేర్వేరు మనుషుల దగ్గర కనుక్కోండి. సర్పంచ్ చెప్పే కారణం, మహిళా సంఘాల లెక్కలు రాసే వీఓఏ చెప్పే కారణం, అక్కడ కుట్టుపని నేర్చుకున్న ఆవిడ చెప్పే కారణం మూడూ మూడు రకాలుగా ఉంటాయి.

వెళ్లే సమయం కూడా ముఖ్యమే. ఉదయం పదింటికి వెళితే పనికి పోనివాళ్లే దొరుకుతారు. కూలికి వెళ్లినవాళ్లు ఇంటికి చేరాక, సాయంత్రం వెళ్లండి. ఆశా కార్యకర్త, పంచాయతీ కార్యదర్శి, కిరాణా కొట్టు యజమాని, ఆర్‌ఎంపీ, ఈ నలుగురినీ విడిగా కలవండి. ఎవరికి ఎంత అప్పు పుడుతుందో, ఏ నెలలో చేతిలో డబ్బు ఆడుతుందో కిరాణా కొట్టాయనకు తెలిసినంతగా ఏ సర్వేకీ తెలియదు.

ముప్పై మందిలో కనీసం పదిమంది ఇప్పటికే ఆ ఇబ్బంది కోసం సొంత డబ్బో, సగం రోజు కూలో పోగొట్టుకుంటూ ఉండాలి. అలా లేకపోతే అది మీ కంటికి కనిపించే సమస్యే కానీ వాళ్లకు పెద్ద సమస్య కాదు.

మూడో పని: ప్రభుత్వం ఎటు వస్తోందో చూడండి

నల్గొండ ఫ్లోరైడ్ ప్రాంతాన్నే చూడండి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీరు లేనిచోట 1.5 వరకు అని భారత ప్రమాణాలు చెబుతాయి. అక్కడ బోరు నీళ్లలో అంతకన్నా ఎంతో ఎక్కువ ఉండేది కాబట్టి శుద్ధి చేసిన నీటి క్యానుకు నికరమైన గిరాకీ కనిపించేది. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో మిషన్ భగీరథ ప్రారంభమై, కృష్ణా గోదావరి నీళ్లు పైపుల్లో ఊళ్లకు రావడం మొదలయ్యాక లెక్క మారింది. జనానికి అది మంచిదే. కానీ పదేళ్లు నడుస్తుందనుకుని అప్పు తెచ్చి ప్లాంటు పెట్టినవాళ్లు ముందే చూసుకోవాల్సిన విషయం అది.

మీ రంగంలో వచ్చే మూడేళ్లలో ఏ పథకం రాబోతోందో జిల్లా కార్యాలయంలో అడగండి. నోటిమాటగా చెప్పకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రాల నిబంధనల ప్రకారం గ్రామ స్థాయి కార్యాలయాల్లో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి. ప్రభుత్వం ఉచితంగా ఇవ్వబోయేదాన్ని మీరు అమ్మాలనుకుంటే ఆగిపోండి. ప్రభుత్వం ఇస్తున్నా ఆఖరి మెట్టులో అందనిది ఏదైనా ఉంటే, మరమ్మతో, నాణ్యత పరీక్షో, ఇంటిదాకా చేర్చడమో, మీ చోటు అక్కడ ఉండొచ్చు.

నాలుగో పని: ఒక్క యూనిట్ లెక్క తేల్చండి

ఎక్కువమంది దాటేసేది ఇదే, ఎక్కువమంది మునిగేదీ ఇక్కడే. అందరికీ తెలిసిన నీళ్ల ప్లాంటుతోనే చేసి చూద్దాం. అంకెలు ఉదాహరణ కోసం వేసుకున్నవి, మీ ఊరి ధరలు పెట్టి మళ్లీ వేయండి.

గంటకు 1,000 లీటర్ల ఆర్‌ఓ ప్లాంటు, షెడ్డు, బోరు, ట్యాంకులు కలిపి 7 లక్షలు. రోజుకు 250 క్యాన్లు, 20 లీటర్ల క్యాను 5 రూపాయలు. నెలకు 37,500 వస్తుంది. ఖర్చులు: ఆపరేటర్ జీతం 12,000, కరెంటు 6,000, కెమికల్స్, కార్ట్రిడ్జ్ ఫిల్టర్లు 2,500, చిన్నా చితకా రిపేర్లు 2,000, స్థలం అద్దె 1,000. దీనికి అరువులు, బడికీ గుడికీ ఇచ్చే ఉచిత క్యాన్లు మరో 2,000 కలపండి. మొత్తం 25,500. చేతిలో 12,000 మిగిలినట్టు కనిపిస్తుంది. చాలా ప్రాజెక్టు రిపోర్టులు ఇక్కడే ఆగి, కింద గీత గీసి, 'లాభం' అని రాస్తాయి.

ఇప్పుడు కనిపించని ఖర్చులు రాయండి. ఈ సైజు ప్లాంటులో సాధారణంగా నాలుగు మెంబ్రేన్లు (నీటిని వడపోసే పొరలు) ఉంటాయి, రెండు మూడేళ్లకోసారి మార్చాలి. ఒక్కోటి 15,000 అనుకుంటే 60,000, ముప్పై నెలలకు పంచితే నెలకు 2,000. మోటార్లు, పంపుల కోసం 1,500. ప్లాంటు పదేళ్లలో అరిగిపోతుంది కాబట్టి 7 లక్షలను 120 నెలలకు పంచితే దాదాపు 5,800. ఇవన్నీ పక్కన పెట్టాక మిగిలేది 2,700.

ఇంతవరకూ మీ జీతం లేదు. మీకు 40,000, తిరిగి చూసుకునే టెక్నీషియన్‌కు 25,000 కావాలంటే ఇలాంటి ప్లాంట్లు 24 నుంచి 25 ఉండాలి. ఒక్క ప్లాంటు పెట్టి 'నడుస్తోంది' అనుకునేవాళ్లకు మూడో ఏడు మెంబ్రేన్లు మార్చాల్సినప్పుడు డబ్బు ఉండదు. నీళ్లు ఉప్పగా రావడం మొదలవుతుంది, జనం మానేస్తారు, షెడ్డుకు తాళం పడుతుంది. మూతపడ్డ ప్లాంట్ల కథ చాలాచోట్ల ఇదే, అందులో అవినీతి వెతకాల్సిన పని లేదు.

వర్షాకాలం సంగతీ చూడాలి. 250 క్యాన్లు 150కి పడితే వచ్చేది 22,500. కరెంటు కాస్త తగ్గుతుంది కానీ ఆపరేటర్ జీతం తగ్గదు. ఏడాది సగటు వేసుకోండి, మే నెల లెక్కను పన్నెండుతో హెచ్చించొద్దు.

ఇప్పుడు మార్చి చూడండి. క్యాను 7 రూపాయలైతే నెలకు అదనంగా 15,000. అప్పుడు మిగిలేది 17,700, మీ ఇద్దరి జీతాలకు నాలుగు ప్లాంట్లు చాలు. రెండు రూపాయల తేడా ఇరవై ప్లాంట్ల తేడా! కానీ మొదటి రోజు సర్పంచ్ చేత రిబ్బన్ కత్తిరింపించి, మైకులో 'ఐదు రూపాయలకే' అని చెప్పించాక ఏడుకు పెంచడం ఎంత కష్టమో ఊళ్లో ఉన్నవాళ్లను అడగండి. ధర మొదటే సరిగ్గా పెట్టాలి, తర్వాత తగ్గించడం సులువు.

ఇంకో దారి ఉంది. ప్లాంటు దగ్గరికి వచ్చి పట్టుకెళ్లేవాళ్లకు 5 రూపాయలే ఉంచి, ఇంటికి తెచ్చి ఇచ్చినందుకు 20 తీసుకోవడం. రోజుకు 60 క్యాన్లు అలా వెళితే అదనంగా 900 వస్తుంది, ఆటో, డ్రైవర్ 600 పోగా 300 మిగులుతుంది. నెలకు 9,000. ఇవ్వగలిగినవాళ్లు సౌకర్యానికి కట్టే డబ్బు మీద లేనివాళ్ల ధర నిలబడుతుంది. కంటి ఆసుపత్రి పద్ధతే ఇది, చిన్న రూపంలో.

మీ పని వల్ల జరిగే చెడును కూడా ఇదే కాగితం మీద రాయండి. రోజుకు 5,000 లీటర్ల శుద్ధ నీటికి దాదాపు అంతే వృథా నీరు బయటికి వస్తుంది, ఫ్లోరైడ్ అంతా అందులో చిక్కబడి ఉంటుంది. దాన్ని వీధి కాలువలోకి వదిలి, అది చెరువులో కలిస్తే మీరు ఒక సమస్యను ఒక ఇంటి నుంచి తీసి ఊరి మీద వేసినట్టే. ఆ నీటిని ఎక్కడికి పంపాలో తేలకపోతే ప్లాంటు పెట్టొద్దు.

మీది చిరుధాన్యాల యూనిట్ కావచ్చు, అద్దెకు యంత్రాలిచ్చే కేంద్రం కావచ్చు, ట్యూషన్ సెంటర్ కావచ్చు. లెక్క మాత్రం ఇదే వరుసలో: ఒక్క యూనిట్ ఆదాయం, కనిపించే ఖర్చు, అరుగుదల, చెడ్డ నెల, మీ జీతం. ఐదు వరుసలూ నింపాక కూడా అంకె మైనస్‌లోనే ఉంటే అది తప్పనిసరిగా ఆపేయాల్సిన సూచన కాదు. లోటు ఎంతో, దాన్ని ఏటా ఎవరు పూడుస్తారో పేరుతో సహా రాయగలిగితే ముందుకు వెళ్లొచ్చు. 'ఎవరో ఒకరు ఇస్తారు' అన్నది పేరు కాదు.

ఐదో పని: ఇంటి లెక్క

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఇంటి ఖర్చు ఈఎంఐలతో కలిపి నెలకు ఎంతో రాసి, దాన్ని 18తో హెచ్చించండి. 45,000 అయితే 8 లక్షల 10 వేలు. ఆ డబ్బు సంస్థ ఖాతాలోకి ఒక్క రూపాయి కూడా పోకుండా వేరే బ్యాంకులో ఉండాలి. 18 నెలలే ఎందుకంటే, మొదటి ఆరు నెలలు ఏర్పాట్లకే పోతాయి, తర్వాతి పన్నెండు నెలలు ఏడాదిలోని మంచి, చెడ్డ నెలలన్నీ చూడటానికి కావాలి.

ఉద్యోగం ఉండగానే చేయాల్సినవి ఇంకో మూడున్నాయి. కంపెనీ ఆరోగ్య బీమా రాజీనామాతో పోతుంది, సొంత పాలసీలో ముందు నుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు వెయిటింగ్ ఉండొచ్చు కాబట్టి అమ్మానాన్నలకు షుగరో బీపీయో ఉంటే ఇప్పుడే తీసుకోండి. ఇంటి లోను బ్యాంకు మార్చాలన్నా, టాప్-అప్ కావాలన్నా జీతం స్లిప్పులు ఉన్నప్పుడే వీలు. ఇక ఉద్యోగ ఒప్పందం తీసి చదవండి. ప్రభుత్వోద్యోగులకు అనుమతి లేకుండా సొంత వ్యాపారం చేయకూడదన్న ప్రవర్తనా నియమాలు ఉన్నాయి. ప్రైవేటు కంపెనీల ఒప్పందాల్లో కూడా ఇలాంటి షరతు తరచూ ఉంటుంది.

ఇంట్లోవాళ్లతో మాట్లాడేటప్పుడు ఆశయం గురించి తక్కువ, అంకెల గురించి ఎక్కువ చెప్పండి. 'ఫలానా తేదీ దాకా ప్రయత్నిస్తాను, ఇంత డబ్బు దాకా పెడతాను, బంగారం తాకట్టు పెట్టను, ఎవరి చేతా గ్యారంటీ సంతకం పెట్టించను' అని రాసి ఇవ్వండి. భార్యో భర్తో ఆ కాగితం చదివి మౌనంగా ఉంటే దాన్ని సరే అన్నట్టు తీసుకోవద్దు. నాన్నగారు 'నీ ఇష్టం రా' అన్నా అదే సంగతి.

ఆరో పని: కట్టకముందే అమ్మి చూడండి

ప్లాంటు కట్టాక గిరాకీ ఉందో లేదో చూడటం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. నీళ్ల విషయంలో ప్రయోగం ఇలా ఉంటుంది: పక్క ఊరి ప్లాంటులో 5 రూపాయలకు క్యాన్లు కొని, ఆటోలో తెచ్చి, మీరు పెట్టాలనుకున్న 7 రూపాయల ధరకే ఒక వీధిలో ఆరు వారాలు అమ్మండి. రోజుకు 30 క్యాన్లు అనుకుంటే, 42 రోజులకు నీళ్లకు 6,300, ఉదయం రెండు గంటలకు ఆటో, డ్రైవర్ రోజుకు 500 చొప్పున 21,000, ఖాళీ క్యాన్లు 60కి దాదాపు 10,800, నీటి పరీక్షలకు 3,000. మొత్తం 41,100. వచ్చేది 8,820. అంటే 32 వేల చిల్లర పోతుంది. అది ఏడు లక్షలు పోకుండా కట్టే ఫీజు.

ప్రయోగంలో చూడాల్సింది లాభం కాదు. మొదటి వారం కొన్నవాళ్లలో ఎంతమంది ఆరో వారంలో మీరు గుర్తుచేయకుండానే కొంటున్నారు? ఎంతమంది అరువు పెట్టారు? వాన పడిన రోజు ఎన్ని క్యాన్లు వెనక్కి వచ్చాయి? కొనడం మానేసిన ప్రతి ఇంటికీ వెళ్లి కారణం అడగండి. 'వీధి కుళాయిలో వస్తున్నాయిగా' అన్నదీ, 'మీ క్యాను మోయడానికి ఇంట్లో మగవాళ్లు లేరు' అన్నదీ రెండు వేర్వేరు జవాబులు. రెండోదానికి 10 లీటర్ల క్యాను చాలు.

ఆపాల్సిన గీతను మొదలుపెట్టకముందే రాసి, మీకు మొహమాటం లేకుండా చెప్పగల స్నేహితుడి దగ్గర ఉంచండి. ఉదాహరణకు '60 ఇళ్లలో ఆరో వారానికి 25 కంటే తక్కువ ఇళ్లు కొంటుంటే ఆపేస్తాను.' ప్రయోగం నడుస్తున్నప్పుడు ఆ అంకెను మార్చాలనిపిస్తుంది. మార్చొద్దు.

ఈ ఆరు వారాల్లో మీ గురించి కూడా ఒకటి తెలుస్తుంది. పొద్దున్నే ఆటో రాకపోవడం, మూత సరిగ్గా లేదని ఒకావిడ తిట్టడం, రెండు వందల అరువు కోసం నాలుగుసార్లు తిరగడం, ఇవే ఈ పనిలో ఎక్కువ భాగం. వేదికల మీద మాట్లాడటం ఏడాదికి రెండు రోజులు. ఈ చిల్లర పనుల్లో మీకు ఏ కాస్తా ఆసక్తి పుట్టకపోతే, మిగతా లెక్కలన్నీ బాగున్నా మీరు పెట్టొద్దు, ఇంకొకరు పెట్టేదాంట్లో చేరండి.

ఏడో పని: చట్ట రూపం

ప్రయోగం నిలబడితేనే దీనికి రండి. మొదటే సొసైటీ రిజిస్టర్ చేసి లోగో గీయించుకునేవాళ్లు ఎందరో.

సొసైటీకి మన రెండు రాష్ట్రాల్లో 2001 నాటి సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ఏడుగురూ బంధువులే అయితే పేపరు మీద సరిపోతుంది కానీ మొదటి గొడవతోనే సంస్థ చీలిపోతుంది. 2013 కంపెనీల చట్టంలోని సెక్షన్ 8 కంపెనీని ఇద్దరితో మొదలుపెట్టొచ్చు, లాభం పంచుకోకూడదు, కానీ జీతం తీసుకోవచ్చు. ఏటా ఆడిట్, ఫైలింగులు తప్పవు. వార్షిక ఫారాలు ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయల చొప్పున పడుతూనే ఉంటుంది, మరిచిపోయిన కంపెనీకి ఏడాది తర్వాత చూస్తే గుండె గుభేలుమంటుంది. పెట్టుబడిదారులకు వాటా ఇవ్వాలంటే మామూలు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీయే దారి. రైతులో నేతకారులో సొంతదారులుగా ఉండాలంటే పదిమంది ఉత్పత్తిదారులతో ప్రొడ్యూసర్ కంపెనీ, లేదా 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద మ్యాక్స్ సొసైటీ. ఈ రూపాల్లో యజమాని మీరు కాదు, ఉద్యోగి మాత్రమే. అది నచ్చకపోతే ఆ దారిలో వెళ్లకండి.

ఏది ఎంచుకోవాలన్నది మొదటి పనిలో రాసిన 'డబ్బు ఎవరిస్తారు' మీదే ఆధారపడి ఉంటుంది. సీఎస్‌ఆర్ (కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టే) నిధుల మీద ఆశ పెట్టుకునేవాళ్లు ఒకటి గమనించాలి: 500 కోట్ల నికర విలువ, లేదా 1,000 కోట్ల టర్నోవర్, లేదా 5 కోట్ల నికర లాభం ఉన్న కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి, నిజమే. కానీ ఆ డబ్బు బయటి సంస్థకు ఇవ్వాలంటే దానికి సాధారణంగా ఆదాయపు పన్ను శాఖ దగ్గర 12ఏ, 80జీ నమోదులు, కంపెనీల శాఖ దగ్గర సీఎస్‌ఆర్-1 నమోదు, మూడేళ్ల పని అనుభవం ఉండాలి. అంటే మీరు ఈ రోజు మొదలుపెడితే సీఎస్‌ఆర్ మీకు నాలుగో ఏటి మాట. దాతకు పన్ను మినహాయింపు ఇచ్చే 80జీ రశీదు చూపిస్తే దాతలు వరస కడతారని కూడా అనుకోవద్దు, కొత్త పన్ను విధానంలోకి మారినవాళ్లకు ఆ మినహాయింపు దొరకదు.

అమెరికా బంధువుల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే తెలుగువాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. అక్కడున్న మీ బావగారి దగ్గర ఇంకా భారత పాస్‌పోర్టే ఉంటే, ఆయన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపే విరాళం విదేశీ విరాళం కిందికి రాదు. ఆయన అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకు ఇచ్చేది) మీద వచ్చిపోతుంటే, అదే డబ్బు విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి లేకుండా మీ సంస్థ దాన్ని తీసుకోకూడదు. ఆ రిజిస్ట్రేషన్‌కు మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో అసలు పని మీద కనీసం 15 లక్షల ఖర్చు చూపించాలి. డబ్బు వచ్చాక తెలుసుకునే విషయం కాదిది. పంపుతానన్న ప్రతి ఒక్కరినీ మొదటే 'పాస్‌పోర్టు ఏ దేశానిది?' అని అడగండి, మొహమాటపడొద్దు.

ఎనిమిదో పని: ఎక్కడ ఆగాలో ముందే రాసుకోండి

డబ్బు లేక మూతపడటమే పెద్ద ప్రమాదం అనుకుంటారు. డబ్బు ఎక్కువై దారి తప్పడం కూడా మన నేల మీదే జరిగింది. విక్రమ్ ఆకుల 1990ల చివర్లో మెదక్ జిల్లాలో పేద మహిళలకు చిన్న అప్పులివ్వడానికి లాభాపేక్ష లేని సంస్థగా మొదలుపెట్టిన ఎస్‌కేఎస్, తర్వాత కంపెనీగా మారి 2010 ఆగస్టులో స్టాక్ మార్కెట్‌కెక్కింది. ఒకే ఇంటికి నాలుగైదు సంస్థలు పోటీపడి అప్పులివ్వడం, వసూలు ఒత్తిళ్లు, ఆత్మహత్యల వార్తల మధ్య అదే ఏడాది అక్టోబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. రాష్ట్రంలో తిరిగి చెల్లింపులు దాదాపు ఆగిపోయాయి, ఈ రంగం మొత్తం కుదేలైంది.

అందులో ఎవరిది ఎంత తప్పన్నది ఇప్పటికీ వాదించుకునే విషయమే. మీకు పనికొచ్చేది ఒక్కటి: ఎంత వేగంగా పెరగాలో నిర్ణయించేది పెట్టుబడి పెట్టినవాళ్లయితే, ఎవరికి ఏం అమ్మకూడదో నిర్ణయించే హక్కు మీ చేతిలోంచి జారిపోతుంది. అందుకని పెట్టుబడి తీసుకోకముందే మూడు 'చేయము'లు రాసి వాటాదారుల ఒప్పందంలో పెట్టించండి. నీళ్ల ప్లాంటుకైతే: 5 రూపాయల కౌంటర్ ఎత్తేయము, నాణ్యత పరీక్ష ఫెయిలైన రోజు అమ్మము, వృథా నీరు చెరువులోకి వదలము. దీనికి ఒప్పుకోని పెట్టుబడిదారుడు చెడ్డవాడేం కాదు, మీకు సరిపోడంతే.

చివరి పని: పెట్టకుండా చేసే దారులు కూడా కాగితం మీద పెట్టండి

నిర్ణయం తీసుకునే రోజు బల్ల మీద రెండు కాగితాలుండాలి. ఒకటి ఇప్పటిదాకా వేసిన లెక్కలు. రెండోది అదే సమస్య మీద సంస్థ పెట్టకుండా పనిచేయగల దారులు. నడుస్తున్న సంస్థలో రెండేళ్లు ఉద్యోగం చేయొచ్చు, జీతం తగ్గినా నేర్చుకునేది ఎక్కువ. ఎస్‌బీఐ యూత్ ఫర్ ఇండియా లాంటి ఫెలోషిప్‌లో 13 నెలలు పల్లెలో ఉండి పనిచేయొచ్చు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, చెన్నేకొత్తపల్లి దగ్గరి టింబక్టు కలెక్టివ్ లాంటి గ్రామీణ సంస్థలు దశాబ్దాల పాటు ఎలా నిలబడ్డాయో వెళ్లి చూసి, అకౌంటెంట్‌తో ఒక పూట కూర్చుని రండి. చాలా చిన్న సంస్థలకు కావాల్సింది ఇంకో వ్యవస్థాపకుడు కాదు, లెక్కలు సరిగ్గా రాసేవాడు, అమ్మడం తెలిసినవాడు, సాఫ్ట్‌వేర్ చేసిపెట్టేవాడు. మీ ఇప్పటి నైపుణ్యంతో వారానికి ఐదు గంటలు ఇస్తే వాళ్లకు ఎంత ఉపయోగమో కూడా రాయండి.

మొదటి కాగితంలో ఈ నాలుగూ ఉంటేనే పెట్టండి: ఆరో వారంలోనూ కొన్న ఇళ్లు, మీ జీతంతో కలిపి నిలబడే లెక్క, 18 నెలల ఇంటి డబ్బు, ఇంట్లోవాళ్లు నోరు తెరిచి చెప్పిన 'సరే'. మూడే ఉంటే నాలుగోదానికి మూడు నెలలు గడువు పెట్టుకోండి. రెండే ఉంటే రెండో కాగితం తీయండి.

వద్దని తేలితే ప్రయోగం చేసిన వీధికి రెండు వారాల ముందే చెప్పండి. క్యాను డిపాజిట్లు ప్రతి ఇంటికీ తిరిగి ఇచ్చేయండి, వదిలేస్తామన్నా ఇచ్చేయండి. ఆటో డ్రైవర్‌కు ఆ రూట్ సొంతంగా నడుపుకునే ఉద్దేశం ఉందేమో అడగండి, ఉంటే ఖాళీ క్యాన్లు, ఇళ్ల జాబితా అతనికే ఇవ్వండి. అతనికి మీ నలభై వేల జీతం అక్కర్లేదు కాబట్టి, మీ లెక్కలో నిలబడని వ్యాపారం అతని లెక్కలో నిలబడొచ్చు.